రెండు గిన్నెల నవల

కైరవాన్ ఊరి రాగి బజారులో పుస్తకాల ఖమీస్‌ను ఏ నవల ఎలా ఉందని అడిగినా నోటితో జవాబు చెప్పడు. తల పైకెత్తి కొట్టు గోడకేసి చూస్తాడు. ఆ గోడ నిండా మేకులు, మేకులకు మాడిపోయిన గిన్నెలు.

ఒక్కో గిన్నె మెడలో ఒక అట్టముక్క, దాని మీద ఒక పుస్తకం పేరు. ఊరికి కొత్తవాళ్లు అది పాత ఇనపసామాన్ల కొట్టేమో అనుకుని రెండడుగులు వెనక్కి వేసేవాళ్లు. తెలిసినవాళ్లు మాత్రం బెంచీ మీద కూర్చుని బేరం మొదలుపెట్టేవాళ్లు, పేరు ముందు 'సీ' అని గౌరవంగా తగిలించి.

"ఇదెలా ఉంటుంది సీ ఖమీస్?"

"ఒక గిన్నె."

"మరి ఇదో?"

"రెండు గిన్నెలు. రెండోదానికి అడుగే ఊడింది. ఇంట్లో గుండెజబ్బు వాళ్లుంటే తీసుకెళ్లకు."

పొయ్యి మీద ఏదో పెట్టి నవల పట్టుకుని కూర్చుంటే, పొయ్యి సంగతి మరిచిపోవాలి. గిన్నె అడుగంటితే నవల మంచిది. అడుగంటకపోతే అది అచ్చేసిన కాగితం. ఇదీ ఖమీస్ సిద్ధాంతం. అందుకే కొత్త నవల వస్తే పొద్దుటిపూట ఇంటికి వెళ్లి వస్తుండేవాడు. పత్రికల్లో సమీక్షలు రాసేవాళ్లంటే అతనికి గౌరవం లేదు. "వాళ్లకు ఇంట్లో ఎవరో వండిపెడతారు. వాళ్ల గిన్నె ఎందుకు మాడుతుంది? పొయ్యి అబద్ధమాడదు" అనేవాడు.

బొమ్మల పుస్తకాలకు వేరే కొలత ఉంది. వాటిని బ్రిక్‌తో కొలవాలి. పల్చటి పిండిరేకులో గుడ్డు కొట్టి, మడిచి, కాగే నూనెలో వేసి, రెండు నిమిషాల్లో తీసెయ్యాల్సిన తిండి అది. పదహారు పుటల పుస్తకం ఆ రెండు నిమిషాలు పెద్దమనిషిని కదలనివ్వకపోతే, పిల్లలకు పనికొస్తుందన్నమాట.

ఈ గిన్నెలన్నిటి బాగోగులూ చూసేది ఎదురుకొట్టు సాసీ. కళాయి వెయ్యడం అతని వృత్తి. గోడ మీద గిన్నె పాతబడగానే కిందికి దిగి సాసీ చేతికి వచ్చేది. అతను మసి గీకి, సొట్టలు తీసి, కళాయి పూసి ఇచ్చేవాడు. అది తళతళలాడుతూ ఖమీస్ ఇంటికి వెళ్లేది, ఓ నెల తిరక్కుండా బొగ్గులా తిరిగొచ్చేది. ఒక్కటి మాత్రం ఎప్పుడూ కిందికి దిగలేదు. మూలన, అన్నిటికన్నా పైన, అరచేతంత పెనం.

"దాన్ని కూడా ఇవ్వరాదూ, నిమిషంలో మెరిపిస్తా" అని సాసీ ఏటా అడిగేవాడు.

"దాని జోలికి రాకు" అని ఖమీస్ ఏటా చెప్పేవాడు.

సాసీకి మనవరాలు బుసైనా ఉంది, అయిదేళ్ల పిల్ల. దానికోసం ఓసారి పుస్తకం అడిగితే ఖమీస్ 'ఒంటె ఎక్కిన నత్త' అని ఒకటి చేతిలో పెట్టాడు.

సాసీ తిరగేసి చూశాడు. "ఇదేమిటోయ్, పుటకి నాలుగు మాటలైనా లేవు?"

"నత్త కదా. మెల్లగా మాట్లాడుతుంది."

మర్నాడు సాసీ కళ్లు నిప్పుకణికల్లా ఉన్నాయి. "నలభై సార్లు చదివించింది. నత్త దిగుతానంటే దిగనివ్వదు, మళ్లీ ఎక్కించమంటుంది."

"మరేమనుకున్నావు? ఆ పుస్తకానికి మా ఇంట్లో బ్రిక్ బొగ్గయిపోయింది" అన్నాడు ఖమీస్, తనే ఆ నత్తను కన్నంత గర్వంగా.

మనుషుల్ని బట్టి మాడు తూచి ఇవ్వడం అతని ప్రత్యేకత. ఒక కుర్రవాడు తను చేసుకోబోయే పిల్లకు నవల కావాలని వచ్చాడు.

"పెళ్లెప్పుడు?"

"వచ్చే వేసవికి."

"వేరు కాపురమా, మీ అమ్మతోనా?"

"అమ్మతోనే."

"అయితే అరగిన్నె దాటకు నాయనా. బిడ్డ పుట్టాక వచ్చెయ్, అప్పుడు రెండు గిన్నెలది ఇస్తా. అప్పటికి మీ అమ్మకు మనవడు తప్ప గిన్నెలు కనపడవు."

రాజధాని నుంచి ఒక రచయిత కూడా వచ్చాడు. తెల్ల కోటు, మెడకు కండువా, చేతిలో సొంత నవల. గోడ సంగతి విని, తన పుస్తకం పేరు ఏ గిన్నె మీదా కనపడక, కాస్త గొంతు సవరించుకుని అడిగాడు. "మాది చదివారా?"

"చదవకపోవడమా! మీ నవల చదివిన రోజు మా ఇంట్లో మాంసం పులుసు ఎంత చక్కగా ఉడికిందంటే, ముక్క ముట్టుకుంటే విడిపోయింది."

రచయిత పొంగిపోయి ఖమీస్ రెండు చెంపలూ ముద్దుపెట్టుకుని వెళ్లాడు. సందు మలుపు తిరిగేదాకా వీధంతా ఊపిరి బిగపట్టి, ఆ తరవాత సుత్తులు కింద పడేసి నవ్వింది. ఆనాటి నుంచి రాగి బజారులో అదొక మాటయిపోయింది. పెళ్లి పాటల్లో పస లేకపోయినా, పెద్దమనిషి ఉపన్యాసం సాగినా, "పులుసు చక్కగా ఉడికింది" అనేవారు.

వీధి ఆడవాళ్ల జాలంతా ఖమీస్ పెళ్లాం దూజా మీద. "ఎంత ఓర్పు తల్లీ నీది! రాగి గిన్నెలన్నీ తగలబెడుతుంటే చూస్తూ ఊరుకుంటావా? మా ఆయనయితే గిన్నెతోనే బుర్ర సొట్ట చేసేదాన్ని." దూజా తల వంచుకుని, చిన్నగా నవ్వి వెళ్లిపోయేది. ఒక్కోసారి పదకొండింటి వేళ తనే ఇంకా వేడిగా ఉన్న గిన్నెను గుడ్డలో చుట్టి తెచ్చి సాసీకిచ్చేది. ఆమె మొహం ఎర్రబారి ఉండేది. మొగుడి నిర్వాకానికి పాపం సిగ్గుపడుతోంది అనుకునేవాడు సాసీ.

గిన్నె చూస్తే అది ఎంతసేపు మంట మీద ఉందో సాసీ చెప్పగలడు, అందులో ఉడికింది శనగలో గోధుమరవ్వో కూడా చెప్పగలడు. ఎవరు మాడ్చారన్న అనుమానం మాత్రం పదకొండేళ్లలో ఒక్కసారీ రాలేదు. మగవాడు అడక్కుండానే తప్పు ఒప్పుకుంటుంటే ఎవరైనా ఎందుకు అనుమానిస్తారు?

ఖమీస్‌కు ఈ లోకంలో భయమంటూ ఉంటే అది అక్క మన్నూబియ అంటేనే. ఆవిణ్ణి అందరూ 'లల్లా' అని గౌరవంగా పిలుస్తారు. సూస్ పట్నంలో ఆడపిల్లల హాస్టలుకు పెత్తనం చేసి రిటైరయింది. డెబ్బై దాటినా తాళాలగుత్తి నడుము వదల్లేదు. ఆవిడ మొగుడు సీ సాలెం పోయి తొమ్మిదేళ్లయింది. అయినా రోజూ పొద్దున్నే ఆయన్ని పేరు పెట్టి తిట్టందే ఆవిడ కాఫీ తాగదని సూస్ నుంచి వచ్చినవాళ్లు చెప్పేవారు.

మన్నూబియ ఏటా ప్రవక్త పుట్టిన పండక్కి తమ్ముడింటికి వస్తుంది. ఆ రోజు ఊరంతా అసీదా. పైన్ చెట్ల చిన్న గింజలు నూరి, వడగట్టి, ఆ నల్లటి పాలను గరిటె ఆపకుండా తిప్పుతూ చిక్కబరిచే పాయసం అది. పైన తెల్లటి మీగడ పొర, దాని మీద బాదం పిస్తా ముగ్గులు. ప్రతి ఇంటి నుంచీ ప్రతి ఇంటికీ గిన్నెలు వెళ్లాలి. పాయసం నలుపు కాబట్టి మాడిందీ లేనిదీ కంటికి తెలీదు. ముక్కుకు తెలుస్తుంది, వీధికి తెలుస్తుంది.

క్రితం ఏడు ఖమీస్ ఇంటి అసీదా మాడింది. ఖమీస్ ఎప్పటిలాగే "నేనే" అన్నాడు. మన్నూబియ అతన్ని వీధి మధ్యకు లాక్కొచ్చి నిలబెట్టింది.

"ఒరే ఖమీసూ! మన అమ్మ చేతి అసీదా అరవై ఏళ్లు మాడలేదు. ఇంకొక్కసారి మాడిందో, ఈ ఇంటి గడప లోపలికి ఒక్క పుస్తకం రాదు. ఒట్టు పెట్టు!"

ఖమీస్ అందరి ముందూ ఒట్టు పెట్టాడు. వెనక గుమ్మంలో దూజా చేతిలో పళ్లెం జారి పడి ముక్కలైంది. పాపం, సంతోషం పట్టలేకపోయింది అనుకున్నారు ఇరుగుపొరుగు.

ఈ ఏడు మన్నూబియ ఏ అవకాశమూ ఇవ్వలేదు. పండగ ముందు రోజు పొద్దున్నే తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని తెచ్చి కొట్లో కూర్చోబెట్టింది. తరవాత సాసీకేసి తిరిగింది.

"సీ సాసీ! పొయ్యి ఇప్పుడే వెలిగిస్తున్నాం. నేను కబురు పెట్టేదాకా వీడు ఇక్కణ్ణించి కదలకూడదు. పూచీ నీది."

"మీరు నిశ్చింతగా ఉండండి లల్లా" అని సాసీ సుత్తి గుండెకు ఆనించుకున్నాడు.

ఖమీస్ అంత దిగులుగా కూర్చోవడం సాసీ ఎన్నడూ చూడలేదు. మాటిమాటికీ ఇంటి సందువైపు చూస్తున్నాడు, ముక్కుపుటాలు ఎగరేస్తున్నాడు.

"నువ్వు ఇంట్లో లేవుగా, ఇంకేం భయం?" అన్నాడు సాసీ.

"అదే నా భయం" అన్నాడు ఖమీస్.

పదిన్నరకు మన్నూబియ పిస్తాలు కొనడానికి బజారుకు వెళ్లింది. "గరిటె ఆపకు" అని దూజాకు చెప్పి, పావుగంటలో వచ్చేస్తానంది. ఆ పావుగంటలోనే వచ్చింది వాసన. ముందు సందులోంచి సన్నగా, తరవాత బజారు నిండా. సుత్తులు ఒక్కొక్కటిగా ఆగాయి. అందరూ ఖమీస్ ఇంటివైపు చూసి, తరవాత ఎదురుగా బెంచీ మీద కూర్చుని ఉన్న ఖమీస్‌ను చూశారు. మళ్లీ ఇంటివైపు చూశారు. సాసీ తలలో పదకొండేళ్ల గిన్నెలన్నీ ఒక్కసారిగా గలగలమన్నాయి.

మన్నూబియ ఒక చేత్తో గిన్నె, ఒక చేత్తో గరిటె పట్టుకుని వచ్చింది. వెనకే దూజా, చేతులు కొంగులో దాచుకుని.

"నేనే అక్కా!" అంటూ లేచి నిలబడ్డాడు ఖమీస్.

"ఏమిట్రా నువ్వే?"

"మాడ్చింది నేనే."

"నువ్వు ఇక్కడ కదరా ఉన్నావు!"

"ఇక్కణ్ణించే మాడ్చాను."

"ఎలా?"

"పొద్దున్న వస్తూ వస్తూ మంట పెంచి వచ్చాను."

"నువ్వొచ్చేసరికి పొయ్యే వెలిగించలేదు!"

దూజా మొహంలో నెత్తురు చుక్క లేదు. సాసీకి ఏమైందో ఏమో, సుత్తి పట్టుకుని ముందుకు వచ్చేశాడు.

"తప్పు నాది లల్లా. నాకు కునుకు పట్టింది. ఆ కాస్తలో ఇతను ఇంటికెళ్లి మాడ్చి వచ్చినట్టున్నాడు."

"కునుకా?" అంది మన్నూబియ. "బజారులో నీ సుత్తి చప్పుడు నాకు వినపడుతూనే ఉంది!"

"నిద్రలో కొట్టాను."

ఎవరో నవ్వబోయి దగ్గారు. మన్నూబియ గరిటె ఎత్తింది, అందరూ ఒకడుగు వెనక్కి వేశారు.

"నన్ను చూస్తే మీకు హాస్టల్లో కొత్తగా చేరిన పిల్లలా ఉన్నానా? నేను గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఇది గరిటె తిప్పుతూనే ఉంది. భేషుగ్గా తిప్పుతోంది. కానీ గరిటె గిన్నెలో లేదు! జానెడు పైన, గాలిలో తిరుగుతోంది! ఎడమచేతిలో పుస్తకం, కళ్లు పుస్తకంలో. నేను పేరు పెట్టి పిలిస్తే ఏమందో తెలుసా? 'ఆ తలుపు వెనక ఎవరున్నారో చూసేస్తాను వదినా, ఆ తరవాత తిట్టండి' అంది!"

దూజా కొంగులోంచి మెల్లగా పుస్తకం బయటికి తీసింది. 'మూడో అంతస్తు తాళంచెవి', ఆ నెల వచ్చిన నవల. నూట పన్నెండో పుటలో వేలు అలాగే ఉంది.

మన్నూబియ గోడకేసి చూసింది. "ఇవన్నీ నీవేనా?"

"అన్నీ కాదు వదినా" అంది దూజా. "ఆ కాఫీ గిన్నె ఆయనదే."

"అది పత్రిక చదువుతూ" అన్నాడు ఖమీస్ చిన్నబుచ్చుకుని.

మన్నూబియ దూజా వేలు తీసి, ఆ పుటలో ఒక పిస్తా గింజ పెట్టి, పుస్తకం మూసి తన సంచిలో వేసుకుంది. "ఒట్టు ఒట్టే" అని వెనక్కి తిరిగింది.

సాసీ బెంచీ మీద ఖమీస్ పక్కన కూలబడ్డాడు. "ఇన్నేళ్లు ఎందుకోయ్ మోశావు?"

"ఆడది గిన్నె మాడిస్తే వీధి ఏమంటుంది?"

"ఇల్లు పట్టని మనిషి అంటుంది."

"మగాడు మాడిస్తే?"

సాసీ ఆలోచించాడు. "నవ్వుతుంది."

"నవ్వు బరువేముంది? నేను మోశాను."

"మరి నవలల సంగతి?"

"నేను నవల తెరిస్తే మూడో పుటకి గురక. చదివేది తనే, తూచేది తనే. కొట్లో నా పేరెత్తద్దు అంటుంది, గిన్నెలకేం, పేరుండదుగా." ఖమీస్ మూలనున్న చిన్న పెనంకేసి చూశాడు. "తొమ్మిదో ఏట బడి మానిపించారు తనని. పెళ్లయ్యాక బొమ్మల పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లేవాణ్ణి, బొమ్మలు చూస్తుంది కదాని. ఒకరోజు తలుపు తీస్తే ఇల్లంతా పొగ. పెనం మీద బ్రిక్ బొగ్గు. తను ఏడుస్తోందేమో అనుకున్నా. 'చదివేశాను, మొత్తం నేనే చదివేశాను' అని గెంతుతోంది. అలాంటి పెనానికి కళాయి వేయించమంటావేమోయ్!"

సాసీ లేచి వెళ్లి సుత్తి అందుకున్నాడు. ఆ పూట అతను కొట్టిన దెబ్బలు ఒక్కటీ సరిగ్గా పడలేదు.

మర్నాడు అసీదా పంచక తప్పలేదు. మన్నూబియ పైన మీగడ రెండు వేళ్ల మందాన పరిచి, ముగ్గులు దట్టంగా పెట్టి ఇంటింటికీ పంపింది. వీధి పెద్దమనసుతో తిన్నది. మీగడ దాటి చెంచా కిందికి దిగగానే ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న. "ఇంతలా మాడిందంటే, ఏ పుస్తకం అయ్యుంటుంది?" సాయంత్రానికల్లా కొట్లో 'మూడో అంతస్తు తాళంచెవి' ఒక్క ప్రతీ మిగల్లేదు.

మన్నూబియ సూస్ వెళ్లిపోయింది. పుస్తకం కూడా ఆవిడతో వెళ్లింది. ఖమీస్ ఒట్టు తప్పే మనిషి కాదు. గడపలోకి పుస్తకం పోలేదు. దూజా వంట అద్భుతంగా ఉండేది. పులుసు చక్కగా ఉడికేది. ఖమీస్ చిక్కిపోయాడు.

వీధిలో అందరికీ ఇప్పుడు ఆ తలుపు వెనక ఎవరున్నారో తెలుసు, ఒక్క దూజాకు తప్ప. ఆమె నీళ్లకు వస్తే ఆడవాళ్లు ఆగలేక నోరు తెరిచేవారు. ఆమె చెవులు మూసుకుని పరుగెత్తేది. కొట్టుకు వచ్చినవాళ్లు కొత్త నవల ఎలా ఉందంటే ఖమీస్ ఖాళీ మేకుకేసి చూసి, "తెలీదు" అనేవాడు. అతని నోట ఆ మాట విన్నవాళ్లు పుస్తకం కింద పెట్టేసి, ఎవరో పోయిన ఇంట్లోంచి వచ్చినట్టు బయటికి వచ్చేవారు. ఒకసారి పట్టుదలగా తనే చదవబోయాడు. సాసీ ఎదురుకొట్టు నుంచి గురక విని, వెళ్లి మొహం మీది పుస్తకం తీశాడు.

పన్నెండో రోజున సూస్ నుంచి వచ్చే అద్దెబండి డ్రైవరు రాగి బజారుకు వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో పెద్ద మూట.

"కళాయి సాసీ ఎవరు? లల్లా మన్నూబియ పంపింది. దారంతా బండిలో మాడు కంపు, ఎక్కినవాళ్లంతా నన్ను తిట్టారు."

మూట విప్పారు. గోధుమరవ్వ కుస్కుస్‌ను ఆవిరి మీద ఉడికించే పెద్ద రాగి పాత్ర. కింది అంతస్తు, పై అంతస్తు, రెండూ బొగ్గు. పై పాత్రలో గుడ్డ చుట్టిన నవల, దాని మీద చీటీ. ఖమీస్ పైకి చదివాడు.

"ఒరే ఖమీసూ. రెండు గిన్నెలు. తలుపు వెనక ఎవరున్నారో దూజాకు ఎవరైనా చెప్పారో, వచ్చి నాలుక కోస్తాను. తననే చదువుకోమను. ఒట్టు పెట్టించింది నేను, తీసేసేదీ నేనే. ఇలాంటిదే ఇంకొకటి ఉంటే డ్రైవరు చేతికివ్వు. ఈ పాత్ర గురించి ఎవరైనా అడిగితే, మాడ్చింది మా ఆయన."

"ఆయన పోయి తొమ్మిదేళ్లయింది కదోయ్!" అన్నాడు సాసీ.

"అయితేనేం? బతికినన్నాళ్లూ ఏ పనీ చెయ్యలేదని కదా మా అక్క తిట్టేది. ఇప్పుడు చేస్తున్నాడు."

ఖమీస్ ఆ రోజు కొట్టు పెందరాళే కట్టేసి, నవల చంకలో పెట్టుకుని ఇంటికి పరుగెత్తాడు.

మర్నాడు పదకొండింటికి బజారు నిండుగా ఉంది. ఖమీస్ బెంచీ మీద కూర్చుని, పదిమంది మధ్య కాఫీ తాగుతున్నాడు. సందులోంచి సన్నగా మాడు వాసన వచ్చింది. అందరూ ఒక్క క్షణం ఆగారు.

"అయ్యో!" అని ఖమీస్ నుదురు కొట్టుకున్నాడు. "నేనే!"

సాసీ గిన్నె మీద నుంచి తల ఎత్తకుండానే అన్నాడు.

"అవును, నువ్వే. ఇందాక లేచి వెళ్లి మాడ్చి వచ్చావు. మేమందరం చూశాం."